కారు మీటర్ల ముళ్ళు పనిచెయ్యట్లేదు, వారంటీ అయిపోయింది, ఏం చెయ్యాలి?

నరసన్నపేట, ఇప్పుడు ఇర్వింగ్:
అన్నయ్యలకి, అక్కలకి నమస్కారం. డల్లాస్ వచ్చి నాలుగు నెలలైంది. వచ్చిన నెలకే 2017 మోడల్ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, 91 వేల మైళ్ళు తిరిగింది. వారం నుంచి స్పీడు ముల్లు బండి ఆగి ఉన్నా 40 దగ్గరే ఉండిపోతోంది, ఫుల్ ట్యాంకు కొట్టించినా పెట్రోలు ముల్లు కిందే పడి ఉంటోంది. మైళ్ళ అంకెలు మాత్రం బాగానే కనిపిస్తున్నాయి. డీలర్ దగ్గరికి తీసుకెళ్తే వారంటీ ఎప్పుడో అయిపోయింది, క్లస్టర్ (ముళ్ళన్నీ ఉండే మీటర్ల పెట్టె) మొత్తం మార్చాలి, 1,150 డాలర్లు అన్నారు. ఇప్పుడు నా దగ్గర అంత లేదు. ఆఫీసు 28 మైళ్ళ దూరం. మార్చేవరకూ ఇలాగే నడపొచ్చా? ఇన్‌స్పెక్షన్‌లో ఆపేస్తారా? రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.

పాలకొండ, ఇప్పుడు ప్లేనో:
తమ్ముడూ, ముందు ఆ 1,150కి ఊ అనకు. అసలు ఏం పోయిందో వాళ్ళు నీకు చెప్పలేదు కదా, క్లస్టర్ మార్చాలన్నారంతే. పెట్రోలు లెక్క ట్యాంకులో ఉండే ఫ్లోట్ నుంచి వస్తుంది, స్పీడు లెక్క వేరే సెన్సర్ల నుంచి వస్తుంది, దీనికీ దానికీ సంబంధం లేదు. రెండూ ఒకే వారంలో మొరాయించాయంటే గొడవ క్లస్టర్‌లోనో, దానికి వచ్చే కరెంటులోనో ఉండే అవకాశమే ఎక్కువ. ముందు బ్యాటరీ చూపించు, విడిభాగాలు అమ్మే దుకాణాల్లో ఫ్రీగా చూస్తారు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14కి అటూ ఇటూ ఉండాలి. బాగా తగ్గితే ముళ్ళు పిచ్చిపిచ్చిగా ఆడతాయి.

తర్వాత పాతిక డాలర్లు పెట్టి ఓబీడీ స్కానర్ కొనుక్కో, అది కారు కంప్యూటరులో ఉన్న లెక్కలు చదువుతుంది. 1996 నుంచి ఇక్కడ అమ్మిన ప్రతి కారుకీ స్టీరింగు కింద ఆ సాకెట్ ఉంటుంది. స్పీడు, ఇంజన్ వేడి ఫోన్‌లో అంకెల్లో కనిపిస్తాయి. స్కానర్ 60 అంటుంటే ముల్లు 40 దగ్గరుందనుకో, సెన్సరు బాగానే ఉంది, ముల్లుని తిప్పే మోటారు పోయిందన్నమాట. ఒక్కో ముల్లు వెనకా పాత రూపాయి బిళ్ళంత స్టెప్పర్ మోటారు ఉంటుంది. 2003 నుంచి కొన్నేళ్ళపాటు వచ్చిన జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో ఇవి తెగ పోయేవి, ఆ మోటార్లు మాత్రమే మార్చే పనివాళ్ళు అప్పట్నుంచే ఉన్నారు. క్లస్టర్ మొత్తం మార్చడంలో మూడో వంతు కూడా అవ్వదు.

మా నాన్న రాజాం నుంచి పాలకొండకి లారీ తోలేవారు. ఆ లారీలో డీజిలు ముల్లు పనిచేసిన రోజు నేను చూళ్ళేదు. ట్యాంకు మూత తీసి వెదురు పుల్ల దింపి పైకి లాగి, తడి ఎక్కడిదాకా ఉందో బొటనవేలు అడ్డం పెట్టి నాకు చూపించేవారు, ఇంత ఉంటే బొబ్బిలి వెళ్ళి రావొచ్చురా అని. మన కారులో పుల్ల దిగదు కానీ ట్రిప్ మీటర్ ఉంది. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ సున్నా చేసి, 250 మైళ్ళకి మళ్ళీ కొట్టించెయ్.

విజయనగరం, ఇప్పుడు ఫ్రిస్కో:
అన్నయ్య చెప్పింది నిజమే గానీ అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. అది నాకు జరిగింది కాబట్టి పూర్తిగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

2019లో నా 2013 మోడల్ బండికి ఇలాగే ముళ్ళు పోయాయి. అప్పటికి 88 వేల మైళ్ళు. ఒక షాపతను జంక్‌యార్డ్ (పాత బళ్ళు విప్పి సామాను అమ్మే చోటు) నుంచి పాత క్లస్టర్ తెచ్చి 300కి బిగిస్తానన్నాడు. సాయంత్రం తాళం తిప్పితే ముళ్ళన్నీ చక్కగా లేచాయి, సంతోషపడ్డాను. హైవే ఎక్కాక చూద్దును కదా, మైళ్ళు 1,41,206! వెనక్కి వెళ్ళి అడిగితే "అది ఆ పాత బండి లెక్క, నడపడానికి ఏం ఇబ్బంది లేదు" అన్నాడు. బిల్లు మీద 'మీటర్ రిపేర్' అని ఒక్క ముక్క రాసి ఉంది. నా బండి అసలు మైళ్ళు ఎక్కడా లేవు. నేనూ అడగలేదు.

2022లో అమ్మకి ఒంట్లో బాగోక ఊరు వెళ్ళాల్సి వచ్చి బండి అమ్మకానికి పెట్టాను. వచ్చినతను పాత రికార్డులు తీశాడు. ఆయిల్ మార్పించినప్పుడు 86 వేలు, ఏడు నెలలకి టైర్లు వేయించినప్పుడు 1,45,000. నన్ను దొంగని చూసినట్టు చూసి వెళ్ళిపోయాడు. బండి యాజమాన్యం కాగితాలు ఇచ్చే టైటిల్ ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. ఒకసారి బిల్లు చాలన్నారు, ఇంకోసారి షాపతని సంతకం కావాలన్నారు, అప్పటికి ఆ షాపే ఎత్తేశారు. ఆఖరికి 'నాట్ యాక్చువల్ మైలేజ్', అంటే మీటర్లో ఉన్నవి అసలు మైళ్ళు కావు అని రాసి ఇవ్వాల్సి వచ్చింది. ఎనిమిది వేలు పలికే బండి 3,200కి పోయింది. ఆ డబ్బుతో అమ్మ ఆపరేషన్‌కి సాయం చేద్దామనుకున్నాను. ఇప్పటికీ గుర్తొస్తే కడుపు రగిలిపోతుంది.

కాబట్టి గుర్తుపెట్టుకో. మీటర్ మారిస్తే పాత మైళ్ళే అందులో పెట్టాలి, అది ఫెడరల్ చట్టం. అలా కుదరకపోతే సున్నా పెట్టి, ఎడమవైపు తలుపు ఫ్రేముకి పాత మైళ్ళు, మార్చిన తారీఖు రాసిన కాగితం అంటించాలి. బండి ఇచ్చేముందు డ్యాష్‌బోర్డు ఫోటో తీసుకో, బిల్లు మీద మైళ్ళు రాయించుకో.

బొబ్బిలి, ఇప్పుడు న్యూజెర్సీ:
ఇంత భయపెట్టక్కర్లేదండీ. పదేళ్ళు దాటిన బండి అమ్మేటప్పుడు మైళ్ళు రాసి ఇవ్వక్కర్లేదు. నేను నా బండి అలాగే అమ్మాను, ఎవరూ అడగలేదు.

విజయనగరం, ఇప్పుడు ఫ్రిస్కో:
మీది ఏ మోడలండీ? ఆ పదేళ్ళ లెక్క 2010, అంతకుముందు మోడళ్ళకే. 2021 జనవరి 1 నుంచి రూలు మారింది, 2011 మోడల్ నుంచి ఇరవై ఏళ్ళదాకా రాసి ఇవ్వాలి. తమ్ముడిది 2017, అంటే 2037 దాకా తప్పదు. కొత్తగా వచ్చినవాళ్ళకి పాత రూలు చెప్తే వాళ్ళే ఇబ్బంది పడతారు.

బొబ్బిలి, ఇప్పుడు న్యూజెర్సీ:
నాది 2008. సరే, ఇరవై ఏళ్ళ సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నాను. కానీ జంక్‌యార్డ్ సామాను అంతా చెడ్డదని మాత్రం అనకండి. నా బండి తలుపు, అద్దం అన్నీ అక్కడివే.

పలాస, ఇప్పుడు ఆస్టిన్:
మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి, పిల్లాడు నిద్ర పట్టట్లేదంటున్నాడు. బాబూ, నీ బండి విన్ నంబరు (ప్రతి బండికీ విడిగా ఉండే 17 అక్షరాలు, అంకెల గుర్తు) ప్రభుత్వ రోడ్డు భద్రత సంస్థ సైటులో కొట్టి చూడు. రీకాల్ (భద్రత లోపం ఉందని కంపెనీయే బళ్ళు వెనక్కి పిలిచి బాగుచెయ్యడం) ఉంటే వారంటీతో పనిలేదు, మొదట అమ్మిన రోజు నుంచి 15 ఏళ్ళదాకా ఫ్రీగా చెయ్యాలి. లేకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి నువ్వే ఫోన్ చేసి గుడ్‌విల్ కింద సాయం చెయ్యమని అడుగు, కేసు నంబరు తీసుకో. ఇవ్వాలని రూలేమీ లేదు, కానీ మా వారికి సగం ఖర్చు ఇచ్చారు. ఈ లోపు నీ వారంటీ అయిపోయిందంటూ ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టెయ్. వాటిని అడ్డుకోమని 2022లో ప్రభుత్వమే ఫోన్ కంపెనీలకి ఆర్డరు వేసింది, అంత మోసం అది. నేను 400 డాలర్లు కట్టి పోగొట్టుకున్నాను.

ఇన్‌స్పెక్షన్ అన్నావు కదా, టెక్సస్‌లో సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025 జనవరి నుంచి తీసేశారు. డల్లాస్ కౌంటీలో పొగ పరీక్ష మాత్రం ఉంది, దానికి ఈ ముళ్ళతో పనిలేదు.

పాలకొండ, ఇప్పుడు ప్లేనో:
ఇంకో ముఖ్యమైన మాట. స్పీడు ముల్లు లేకపోతే ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకోవచ్చు, వేడి ముల్లు కూడా పోతే మాత్రం అశ్రద్ధ చెయ్యకు. స్కానర్‌లో 195 నుంచి 220 ఫారన్‌హీట్ దాకా పర్వాలేదు, అది దాటి ఎక్కుతూ పోతుంటే పక్కకి ఆపి ఇంజన్ కట్టెయ్. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకు, మొహం కాలిపోతుంది.

నరసన్నపేట, ఇప్పుడు ఇర్వింగ్:
అందరికీ దండాలు. బ్యాటరీ చూపించాను, ఇంజన్ నడుస్తుంటే 14.2 ఉంది. స్కానర్ కొన్నాను, ఫ్రెండ్ పక్కన కూర్చుని చూశాడు, అది 61 అన్నప్పుడు ముల్లు 40 దగ్గరే. రీకాల్ ఏమీ లేదు. మోటార్లు మార్చే షాపు ఒకటి దొరికింది, నా క్లస్టరే బాగుచేస్తారట, మైళ్ళు మారవని రాసిస్తామన్నారు, 280 డాలర్లు. శనివారం రమ్మన్నారు. పొద్దున్న ఇస్తే సాయంత్రం దాకా బండి ఉండదు.

పాలకొండ, ఇప్పుడు ప్లేనో:
శనివారం ఎనిమిదింటికి ఆ షాపు దగ్గర ఉంటాను, అడ్రసు పంపు. డ్యాష్‌బోర్డు ఫోటో మర్చిపోకు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.