చివరివాడు కాదని తెలిసిన తర్వాత సూపర్‌మ్యాన్ కథ బలపడిందా, పలచబడిందా?

ప్రశ్న:

సూపర్‌మ్యాన్ కామిక్స్‌ను పాత సంచికల నుంచి వరుసగా చదువుతున్నాను. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ సృష్టించిన ఈ పాత్ర బలమంతా, పేలిపోయిన క్రిప్టాన్ గ్రహానికి మిగిలిన ఒకే ఒక్క బిడ్డ కావడంలోనే ఉందని నాకు అనిపిస్తుంది. అయితే 1955లో క్రిప్టో అనే కుక్క, 1958లో బ్రేనియాక్ అనే విలన్ కుదించి సీసాలో బంధించిన క్రిప్టాన్ నగరం కాండోర్, 1959లో బాబాయి కూతురు కారా (సూపర్‌గర్ల్), ఇలా ఒకరి తర్వాత ఒకరు బయటపడుతూనే వచ్చారు. తన జాతివారు బతికి ఉన్నారని కథానాయకుడికి తెలియడం ఈ కథకు మేలు చేసిందా, చేటు చేసిందా? పెద్దలు తమ అభిప్రాయం చెప్పగలరు.

మొదటి సమాధానం:

చేటే చేసిందని నా అభిప్రాయం. ప్రతి రెండో సంచికలో ఒక క్రిప్టాన్ వాసి తారసపడుతుంటే ఆ గ్రహం నాశనమైందన్న మాటకు విలువ ఉండదు. ప్రచురణకర్తలకూ అలాగే తోచి ఉండాలి. 1985లో కారా మరణాన్ని చూపించారు. 1986లో జాన్ బైర్న్ కథను మొదటి నుంచి తిరగరాసినప్పుడు సూపర్‌మ్యాన్‌ను మళ్లీ ఒంటరివాణ్ణి చేశారు. ఆ నిర్ణయం సరైనదే.

రెండవ సమాధానం:

పై మాటతో నేను ఏకీభవించలేను. క్రిప్టాన్ పేలినప్పుడు సూపర్‌మ్యాన్ పసివాడు. బైర్న్ కథలోనైతే అతడు పుట్టినదే భూమి మీద. అంటే అతడు పోగొట్టుకున్న లోకం అతడి జ్ఞాపకంలో లేదు. దాన్ని గురించి తెలుసుకున్నదంతా తర్వాత తెలుసుకున్నదే. ఆ లోకాన్ని కళ్లారా చూసిన మనిషి ఎదురుపడినప్పుడే అతడి ఒంటరితనం ఎలాంటిదో పాఠకుడికి తెలుస్తుంది.

1959 నాటి కథనే తీసుకోండి. క్రిప్టాన్ నుంచి ఊడిపడిన ఆర్గో నగరం గాలి బుడగ పుణ్యమా అని బతికి, కింది నేల క్రిప్టాన్ వాసులకు ప్రాణాంతకమైన క్రిప్టోనైట్‌గా మారితే పైన సీసపు రేకులు పరుచుకుని కొన్నాళ్లు నెట్టుకొచ్చి, ఉల్కలు ఆ రేకులను చిల్లులు పొడవడంతో అంతమవుతుంది. కారా పుట్టింది ఆ నగరంలోనే. సూపర్‌మ్యాన్ గుర్తుపట్టాలని అతడి దుస్తులను పోలిన దుస్తులే తల్లి ఆమెకు కుట్టి పంపుతుంది. కూలిన రాకెట్‌లోంచి ఆమె చిరునవ్వుతో బయటికి వస్తుంది. అతడు సంతోషంతో అక్కున చేర్చుకుంటాడు. వెంటనే తీసుకెళ్లి, గోధుమరంగు విగ్గు పెట్టించి, లిండా లీ అన్న పేరుతో మిడ్‌వేల్ అనాథాశ్రమంలో చేర్పిస్తాడు. లోకంలో మిగిలిన ఏకైక రక్తసంబంధీకురాలిని మూడేళ్ల పాటు రహస్యంగా దాచి ఉంచిన ఆ నిర్ణయం నన్ను ఈనాటికీ బాధిస్తుంది. కోరుకున్న తోడు దొరికినా ఆమెకు తన జీవితంలో చోటు ఎక్కడ ఇవ్వాలో అతడికి తెలియలేదు. ఆ లోపాన్ని అప్పటి రచయితలు లోపంగా చూడలేదనుకోండి, అది వేరే విషయం.

2004లో జెఫ్ లోబ్, మైకేల్ టర్నర్ కారాను మళ్లీ తెచ్చినప్పుడు ఆ బంధాన్ని తలకిందులు చేశారు. ఇందులో ఆమె అతడికంటే ముందు పుట్టినది. పసివాడిని చూసుకోవడానికి బయలుదేరి, దారిలో చిక్కుపడి, అతడు పెరిగి పెద్దవాడైన తర్వాత వచ్చి చేరుతుంది. ఆమెకు వచ్చినది క్రిప్టాన్ భాష ఒక్కటే. బ్యాట్‌మ్యాన్ ఆమెను అనుమానిస్తుంటే, సూపర్‌మ్యాన్ మాత్రం నమ్మడానికి తొందరపడతాడు. అంత జాగ్రత్తపరుడైన మనిషి చేత ఆ తొందరపాటు చేయించింది ఒంటరితనమే కదా!

ప్రశ్న అడిగినవారు:

కృతజ్ఞతలు. జ్ఞాపకం ఉన్నవారు, లేనివారు అన్న కోణంలో నేను ఆలోచించలేదు. అయితే ఒక్క కారా విషయంలో ఇది సరిపోతుంది. నగరం మొత్తం బయటపడితే కూడా ఈ బలం నిలుస్తుందా?

మూడవ సమాధానం:

నిలుస్తుంది, కానీ అప్పుడు కథ తోడు గురించి కాకుండా విధేయత గురించి అవుతుంది. కాండోర్ సీసాలో ఉన్నంతకాలం అది అతడు తన ఏకాంత దుర్గంలో కాపాడుకునే అపురూపమైన వస్తువు. లోపలికి వెళ్లాలంటే తన శరీరాన్ని కుదించుకోవాలి, అక్కడ అతీత శక్తులు ఉండవు, తనూ అందరిలాంటివాడే. 2008లో మొదలైన కథావరుసలో ఆ నగరవాసులు, దాదాపు లక్షమంది, పూర్తి ఆకారంతో భూమి మీదికి వస్తారు. మన సూర్యుడి వెలుగులో వారిలో ప్రతి ఒక్కరికీ అతడికున్న శక్తులే ఉంటాయి, కానీ మనుషుల మధ్య పెరగడం వల్ల అతడికి అబ్బిన నిగ్రహం వారికి లేదు. వారు వేరే గ్రహం కట్టుకుంటే, భూమిని వదిలి అక్కడికి వెళ్లి, శత్రువైన జాడ్ సేనాపతి కింద పనిచేయడానికి అతడు ఒప్పుకుంటాడు. సొంతవారి మధ్యకు చేరాక అతడు ఎవరికీ పూర్తిగా నమ్మకస్థుడు కాలేకపోవడం ఆ కథలో నాకు బాగా నచ్చింది. 2010లో ఆ గ్రహాన్ని కూడా నాశనం చేసి ముగించడం మాత్రం రచయితలు తేలిక దారి వెతుక్కోవడమే.

మొదటి సమాధానం ఇచ్చినవారు బైర్న్ పేరు ఎత్తారు కనుక ఒక మాట. 1988లో ఆయనే వేరొక విశ్వం నుంచి ముగ్గురు క్రిప్టాన్ నేరస్థులను తెచ్చి, వారిని సూపర్‌మ్యాన్ చేతనే క్రిప్టోనైట్‌తో చంపించారు. ఆ పని భారం మోయలేక అతడు కొంతకాలం భూమిని వదిలి అంతరిక్షంలోకి వెళ్లిపోతాడు. ఒంటరివాడిగా ఉంచాలని పట్టుబట్టిన రచయితకు కూడా ఆ పాత్రను లోతుగా పరీక్షించడానికి దాని జాతివారే అవసరమయ్యారు. మీరు వరుసగా చదువుతున్నారు కనుక 1959 కథను, 2004 కథను పక్కపక్కన పెట్టుకుని చదవండి. కాండోర్ కథలు ఆ తర్వాత చదివితే బాగుంటుంది.