పులివెందుల దగ్గర డోలరైట్ తాకిన సున్నపురాయి పచ్చబడడానికి వేడి ఒక్కటే కారణమా?

సీమ_విద్యార్థి:
నమస్కారం. మొన్న క్షేత్రపర్యటనలో పులివెందుల పరిసరాలలో, వేంపల్లె డోలమైట్ (మెగ్నీషియం ఉన్న) సున్నపురాయి పొరల మధ్యకు చొరబడిన డోలరైట్ సిల్‌ను, అంటే శిలాద్రవం పలకలా గడ్డకట్టిన నల్లరాతిని చూశాము. రెండు రాళ్లూ కలిసే చోట సున్నపురాయి లేత ఆకుపచ్చగా, తాకితే నున్నగా ఉంది. అందులో వేలెడు మందమైనా లేని చారల్లో తెల్లటి నార, దువ్వెన పళ్లలా, చార అంచులకు అడ్డంగా నిలిచి ఉంది. కొద్ది అడుగులు జరిగితే మళ్లీ మామూలు బూడిదరంగు రాయే. అంత వేడి శిలాద్రవం వచ్చినా మార్పు అక్కడితోనే ఎందుకు ఆగింది? సున్నపురాయి వేడికి పాలరాయి కావాలి గదా, రాతినార (ఆస్బెస్టాస్) ఎలా వచ్చింది?

నల్లరాయి:
మొదటి సందేహం వరకు చెబుతాను. శిలాద్రవం 1100 నుంచి 1200 డిగ్రీల సెల్సియస్ వేడితో వచ్చినా, చల్లటి రాతిని తాకిన హద్దు దగ్గర ఉష్ణోగ్రత ఇంచుమించు ఆ రెండింటి సగటుకు, అంటే 600 డిగ్రీల ప్రాంతానికి పడిపోతుంది. పైగా రాతిలో వేడి 10 మీటర్లు పాకడానికి సుమారు 3 ఏళ్లు పడితే, 100 మీటర్లకు 300 ఏళ్లు పడుతుంది. ఈలోగా సిల్ తానే చల్లారిపోతుంది. హద్దును ఆనుకున్న డోలరైట్‌ను భూతద్దంతో చూడండి. లోపలి రాతిలో కనిపించే స్ఫటికాలు అక్కడ కనిపించవు, వాటికి పెరిగే వ్యవధి దొరకలేదు.

గనులబాట:
పై లెక్క సరైనదే గానీ పచ్చదనానికి అది చాలదు. నా దృష్టిలో ఇక్కడ వేడికంటే నీటి పాత్రే పెద్దది. స్వచ్ఛమైన సున్నపురాయి అయితే మీరన్నట్టు పాలరాయి అయ్యేది, షేల్ (బురద పేరుకుని ఏర్పడిన రాయి) అయితే గట్టిపడి హార్న్‌ఫెల్స్ అనే రాయి అయ్యేది. వేంపల్లె పొరల్లో మెగ్నీషియం దండిగా ఉంది, చెకుముకి రాయి రూపంలో సిలికా ఉంది. వేడినీరు వాటి మధ్య తిరిగినప్పుడు బొగ్గుపులుసు వాయువు వెలువడి, సున్నం కాల్సైట్‌గా మిగిలి, మెగ్నీషియం సిలికాతోనూ నీటితోనూ కలిసి సర్పెంటైన్ అనే ఆకుపచ్చ ఖనిజం అయింది. సర్పెంటైన్ 600 డిగ్రీల దగ్గర నిలవదు కనుక, మీరు చూసిన పచ్చ పట్టీ వేడి తారస్థాయిలో ఉన్నప్పుడు కాక చల్లారే దశలో ఏర్పడింది. పగుళ్లు విచ్చుకున్నకొద్దీ వాటిలో క్రిసొటైల్ నార, అంటే నార రూపంలోని సర్పెంటైన్, పెరిగింది. మెగ్నీషియమంతా డోలరైట్ నుంచే వచ్చిందనుకోవడం పొరపాటు.

బలపం:
గనులబాట గారి మాటకు మరో సాక్ష్యం బేతంచెర్ల దగ్గరి ముద్దవరంలో ఉంది. అక్కడా అదే డోలమైట్, అదే తరహా డోలరైట్; కానీ హద్దులో దొరికేది బలపపు రాయి, మనం చిన్నప్పుడు పలక మీద రాసుకున్నదే. అందులోని టాల్క్ అనే మెత్తటి ఖనిజంలో సర్పెంటైన్ కంటే సిలికా పాలు ఎక్కువ. అంటే ఏ ఖనిజం వస్తుందో వేడి ఒక్కటే తేల్చదు. సీమ_విద్యార్థి గారూ, నార ఉన్న నమూనాను గోటితో గీకవద్దు, పొడి చేయవద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. దాన్ని తడిపి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూసి, మీ అధ్యాపకులకు అప్పగించండి.