నేరోబోటులో శీతాకాలపు కాపురం

ప్రశ్న: ఇంగ్లండు కాలువలపై, సుమారు ఏడడుగుల వెడల్పుండే నేరోబోటులో, స్థిరమైన రేవు లేకుండా ఈ శీతాకాలం నుంచి నివసించాలనుకుంటున్నాము. నిత్యజీవితంలో నిజంగా కష్టమయ్యేది ఏమిటో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరా?

మొదటి జవాబు: నీరేనండీ. ట్యాంకులో నీరు అయిపోకముందే కుళాయి ఉన్న చోటికి పడవను నడుపుకొని వెళ్లాలి. కాలువ గడ్డకట్టి పడవ కదలని ఒక వారంలో, మేము ముందుగా పట్టి ఉంచుకున్న డబ్బాల నీటిని చెంబుతో కొలుచుకొని, గిన్నెలు కడిగే ముందు కాగితంతో తుడిచి వాడుకున్నాము.

రెండవ జవాబు: పొయ్యి మాట మరువకండి. రాత్రి బొగ్గు వేసి గాలి మార్గం తగ్గిస్తే తెల్లవారేదాకా నిప్పు నిలుస్తుంది. అయితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టి హెచ్చరించే అలారం పనిచేస్తున్నదో లేదో తప్పక చూసుకోండి, ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం.

మూడవ జవాబు: 1995 నాటి చట్టం ప్రకారం, రేవు లేని పడవ సాధారణంగా ఒకే చోట వరుసగా 14 రోజులకు మించి ఉండరాదు. లాకుల (నీటిమట్టం మార్చి పడవలను దాటించే కాలువ తలుపుల) మరమ్మతులు ఎక్కువగా శీతాకాలంలోనే జరుగుతాయి కనుక, బయలుదేరే ముందు దారి తెరిచి ఉన్నదో లేదో తెలుసుకోండి.