టిస్సరాండ్ విలువ 3 దగ్గర తోకచుక్కలు, హిల్డా గ్రహశకలాలు కలిసిపోతున్నాయి

తోకచుక్కల్ని గ్రహశకలాల నుంచి కక్ష్యను బట్టి విడదీయడానికి అర్ధ దీర్ఘాక్షం (సూర్యుడి నుంచి సగటు దూరం లాంటిది), ఉత్కేంద్రత (కక్ష్య ఎంత సాగి ఉందో చెప్పేది), కక్ష్య వాలు తీసుకుని, గురుగ్రహం అర్ధ దీర్ఘాక్షం 5.204 ఖగోళ యూనిట్లుగా పెట్టి టిస్సరాండ్ పరామితి (వస్తువు కక్ష్యను గురుగ్రహ కక్ష్యతో పోల్చి చెప్పే సంఖ్య) లెక్కిస్తున్నాను. సూత్రం సరిగానే ఉంది: హేలీ తోకచుక్కకి -0.605, ఎంకీ తోకచుక్కకి 3.026 వస్తున్నాయి. 2–3 మధ్య ఉన్నవన్నీ గురుగ్రహ కుటుంబ తోకచుక్కలు (గురుగ్రహ ఆకర్షణ కక్ష్యను మలిచేవి) అనుకుంటే ట్రోజన్లు, అంటే గురుగ్రహ కక్ష్యలోనే తిరిగే గ్రహశకలాలు, కూడా వచ్చి చేరాయి (వాటిలో ఒకటైన 624 హెక్టర్‌కి సుమారు 2.9). అర్ధ దీర్ఘాక్షం 4.6–5.5, ఉత్కేంద్రత 0.3 లోపు ఉన్నవాటిని తీసేస్తే ఆ గొడవ పోయింది. అసలు చిక్కు ఎంకీ దగ్గరే. దాని కోసం హద్దును 3.05కి జరిపితే 153 హిల్డా (3.02) లాంటి గ్రహశకలాలు లోపలికి వస్తున్నాయి. ఉత్కేంద్రత 0.3 దాటాలని షరతు పెట్టినా, 3:2 అనునాదం (గురుగ్రహం రెండు చుట్లు తిరిగేలోపు మూడు చుట్లు తిరగడం) చుట్టుపక్కల తిరిగే హిల్డా తరహా తోకచుక్కల్లో తక్కువ ఉత్కేంద్రత ఉన్నవి జారిపోతున్నాయి. కోమా (తోకచుక్క చుట్టూ ఉండే వాయు, ధూళి మేఘం) కనిపించిందా లేదా అన్నది వాడదలచుకోలేదు, కక్ష్య ఒక్కటే ఆధారం.

ఈ తోకచుక్కల్నీ హిల్డా గ్రహశకలాల్నీ విడదీయడానికి నేటి కక్ష్యా మూలకాలే సరిపోయే షరతు ఏదైనా ఉందా, లేక 3:2 అనునాద కోణం ఊగిసలాడుతోందో లేదో (అంటే వస్తువు నిజంగా అనునాదంలో చిక్కుకుందో లేదో) చూడటానికి కక్ష్యను ముందుకు నడిపి తీరాలా?