అప్‌డేట్: మా కథల పత్రిక ప్రెస్సుకు వెళ్లింది

కడప నుంచి కథలు, బొమ్మలతో సొంతంగా పత్రిక తేవాలంటే ఎట్లా మొదలుపెట్టాలని ఆమధ్య అడిగాను కదా. సలహా ఇచ్చిన అన్నలకు, అక్కలకు ముందుగా థ్యాంక్స్.

రిజిస్ట్రేషన్ టెన్షన్ తగ్గింది. పత్రికల రిజిస్ట్రేషన్‌కు ఉన్న 1867 నాటి పాత చట్టం పోయి, 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి నుంచి అమల్లో ఉంది. దరఖాస్తు ప్రెస్ సేవా పోర్టల్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులోనే పెట్టుకోవచ్చు.

అసలు పని ప్రెస్సులో ఉంది. మధ్యలో పిన్ను కొట్టే పత్రికకు షీటు మడిస్తే నాలుగు పేజీలు అవుతాయి కాబట్టి మొత్తం నాలుగు చొప్పునే పెరగాలి. మాకు 50 వచ్చాయి. కథలు కోయడానికి మనసు ఒప్పలేదు, 52 చేశాం. నట్టనడిమి రెండు పేజీలు ఒకే కాగితం కనుక అక్కడ బొమ్మ అతుకు లేకుండా పడుతుందని ప్రెస్సాయన చెప్పాడు. గండికోట దగ్గర పెన్నా లోయను మా చిత్రకారిణి ఇంకుతో గీసింది, దాన్ని అక్కడే పరిచాం. ప్రూఫులో ఆ రాళ్ల గీతలు చూస్తే కడుపు నిండిపోయింది.

కథల్లో మా సీమ యాసను ఎక్కడా దిద్దలేదు. "యాడికి పోతాండావు" అన్న పాత్ర అట్లాగే మాట్లాడుతుంది.

డబ్బు చందాలతోనే సర్దాం, ప్రకటనలు వద్దనుకున్నాం. రెండో సంచికకు అనంతపురం, కర్నూలు వైపు కొత్తగా రాసేవాళ్లు, బొమ్మలేసేవాళ్లు కావాలి. మీకు తెలిసినవాళ్లుంటే చెప్పండి.