పాఠశాల పిల్లల సైబర్ జాగ్రత్తను కొలిచేదెట్లా? అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను

నమస్కారం. హనుమకొండలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుణ్ణి. ఇన్నేళ్లూ నెట్‌వర్క్ చొరబాట్లను పసిగట్టే అల్గారిథమ్‌లపై పనిచేసిన నేను, నిరుటి నుంచి ములుగు వైపు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు సైబర్ భద్రతను ఎలా బోధించాలన్న పరిశోధనలోకి వచ్చాను.

చిక్కంతా కొలతలోనే ఉంది. పాఠానికి ముందూ తరువాతా ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి మార్కుల తేడా చూస్తున్నాను. ‘ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు’ అన్న వాక్యానికి దాదాపు అందరూ టిక్కు పెట్టారు. కాగితాలు తీసుకుంటుండగా వెనుక బెంచీ అబ్బాయి లేచి, ‘మరి గ్యాస్ బండ తెచ్చినాయనకు నంబరు చెప్తం గద సార్?’ అని అడిగాడు. వాడిది న్యాయమైన ప్రశ్న. తప్పు నా ప్రశ్నపత్రానిది. నేను కొలిచింది బట్టీని, విచక్షణను కాదు.

కార్యాలయాల్లో ఉద్యోగులకు పంపినట్లు ఉత్తుత్తి మోసపు సందేశాలు పంపి ప్రవర్తనను చూడవచ్చు గానీ, పిల్లలను, అందులోనూ చెప్పకుండా, మోసగించడానికి మనసొప్పడం లేదు. ఇలాంటి ప్రయోగం చేసినవారు సన్నివేశాల ఆధారంగా ప్రశ్నలు ఎలా తయారుచేశారు? ఒకే బడిలోని రెండు సెక్షన్లను పోల్చితే పాఠం ఇంటర్వెల్‌లోనే అటూ ఇటూ పాకిపోతుంది కనుక, బడిని బడితోనే పోల్చాలా?

మరొక సందేహం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి కావాలి. పరిశోధనకు షరతులతో మినహాయింపు కూడా ఉంది. అయినా సమ్మతి తీసుకోవాలనే నా ఉద్దేశం. తెల్లవారకముందే మిరప ఏరడానికి వెళ్లే, చదవడం రాని తల్లిదండ్రుల నుంచి దాన్ని నిజాయితీగా ఎలా తీసుకున్నారో, మా కళాశాలలో నైతిక పరిశీలన సంఘం లేనందున ఎవరిని ఆశ్రయించాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.