నాగావళి గట్టున పరుగెత్తే కుక్క ఆహారం మానేస్తోంది

ప్రశ్న (శ్రీకాకుళం): మా రెండేళ్ల ల్యాబ్రడార్ రోజూ ఉదయం నాతో 5 కిలోమీటర్లు పరుగెత్తుతుంది. ఎండలు ముదిరినప్పటి నుంచి ఇంటికి వచ్చాక చాలాసేపు రొప్పుతూ, అన్నం ముట్టడం లేదు. ఏమి మార్చాలి?

జవాబు (విజయనగరం): కుక్క ప్రధానంగా రొప్పడం ద్వారానే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది, మన వైపు ఉక్కపోతలో, గాలిలో తేమ ఎక్కువగా ఉండటం వల్ల, అది సరిగా సాగదు. తెల్లవారకముందే బయలుదేరి, దూరాన్ని సగానికి తగ్గించి, దారిలో నీళ్లు తాగించండి. నడకలో తూలితే మాత్రం ఒళ్లంతా నీటితో తడిపి, గాలి తగిలేలా ఉంచి, వెంటనే పశువైద్యునికి చూపించాలి.

మరో జవాబు: పరుగు తరువాత గంట ఆగి ఆహారం పెట్టండి. ఉల్లిపాయ వేసిన కూర కలపకండి. ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుందని మాకు ఆలస్యంగా తెలిసింది.

ఇంకొకరు: గట్టున గడ్డి ఉంటుంది కనుక చెవుల్లో, వేళ్ల మధ్య గోమార్లు ఉన్నాయేమో చూడండి. వాటి వల్ల వచ్చే జ్వరంలోనూ ఆకలి పోతుంది కాబట్టి రక్తపరీక్ష చేయించడం మంచిది.